తుప్పు పెట్టిన చెయ్యి

"పొద్దంత పాత వ్యాగన్లకు రంగేసి కొత్తగ జేస్తవ్. ఇంటికొచ్చి కొత్తయాటికి తుప్పువెట్టి పాతగ జేస్తవ్. నీకు మతి ఉన్నదా?" అని దేవమ్మ మొగుణ్ణి అడగని ఆదివారం లేదు.

బ్రహ్మచారి నవ్వి ఊరుకునేవాడు. నవ్వక ఏం చేస్తాడు, ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. అతను రైల్వే వర్క్‌షాపులో పెయింటరు. మరమ్మతుకొచ్చిన గూడ్సు వ్యాగన్లకు ఎర్రమట్టి రంగు పడ్డాక, వాటి మీద నెంబరూ, మోసే బరువూ తెల్ల రంగుతో రాయడం అతని ఉద్యోగం. సాయంత్రం బోయిగూడలో ఇంటికి చేరి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద గోనెపట్టా పరుచుకుని చేసేది మాత్రం ఆ పనికి తలకిందులు. కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి జానెడున్నర పొడుగు వ్యాగన్లు చేసేవాడు. వాటి తలుపులు తెరుచుకునేవి, గొళ్ళేలు పడేవి, చక్రాలు తిరిగేవి. ఇంకొకడైతే అక్కడితో తృప్తిపడి పిల్లలున్న ఇంటికి అమ్ముకునేవాడు. బ్రహ్మచారికి అసలు పని అక్కడే మొదలయ్యేది.

వ్యాగనంటే ఏమిటి? ఎండకు ఎండి, వానకు నాని, బొగ్గూ ఉప్పూ సున్నపురాయీ మోసి మోసి వీపు పుండైన జీవి. అది పెళ్ళికొడుకులా మెరుస్తూ నిలబడితే ఎవడు నమ్ముతాడు? అందుకని ముందు రేకు మీది తగరపు పూతను ఇసకతో రుద్ది తీసేసేవాడు. చింతపండు పులుసులో ఉప్పు కలిపి, తుప్పు ఎక్కడ రావాలో అక్కడ మాత్రమే కుంచెతో అద్ది ఎండలో పెట్టేవాడు. తుప్పు రంగు వేయడం కాదు, తుప్పే పట్టించడం. దాని మీద దీపం మసి, తుమ్మబంకలో కలిపిన బొగ్గుపొడి, తలుపు సందుల్లో సున్నం చారలు. ఆఖరికి పైకప్పు మీద పావురం రెట్టలు కూడా సున్నపు చుక్కలతో దిద్దేవాడు. "రెట్ట సుత ఎయ్యాల్నా?" అని దేవమ్మ ముక్కు మీద వేలేసుకునేది.

ఈ పిచ్చి అంటించినవాడు తిరుమలగిరి బంగళాలో ఉండిన ఒక తెల్లదొర. ఒక గదంతా చిన్న చిన్న పట్టాలు పరిచి, బ్రహ్మచారి చేత వ్యాగన్లు చేయించుకుని, రైలు నడుపుకుంటూ కూర్చునేవాడాయన. శుభ్రంగా ఉన్నది ఆటబొమ్మ, మురికి పట్టింది రైలు అని ఆయన సిద్ధాంతం. నలభై ఏడులో ఓడెక్కి వెళ్ళిపోతూ తన రైలును పెట్టెలో సర్దుకుపోయాడు, పిచ్చిని మాత్రం బోయిగూడలో వదిలిపోయాడు.

దొర పోయాక ఆ పనితనాన్ని అడిగే నాథుడు లేడు. ఒకసారి నిజాం సర్కారు వారి పుట్టినరోజు జలసాకు అద్దాల పెట్టెలో పెట్టడానికి ఒక వ్యాగను చెయ్యమన్నారు. మనవాడు ప్రాణం పెట్టి చేసి, అలవాటు కొద్దీ తలుపు కింద చిటికెడు తుప్పు పెట్టాడు. వర్క్‌షాపు పెద్ద సాబు చూసి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "సర్కారు బండికి జంగా?" అని అప్పటికప్పుడు గీకించి, మళ్ళీ రంగేయించి, అంచులకు బంగారు గీతలు దిద్దించాడు. గీతలు దిద్దుతూ బ్రహ్మచారి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పెళ్ళి పల్లకీలా తయారైన ఆ వ్యాగన్ను చూసి వచ్చినవాళ్ళంతా వాహ్వా అన్నారు.

అతని పని అర్థమైన మనిషి ఊళ్ళో ఒక్కడే మిగిలాడు. ఆయన షుకూర్ మియా.

షుకూర్ మియా గూడ్సు యార్డులో ఎగ్జామినరు. పొడుగు కర్ర సుత్తితో చక్రాన్ని కొట్టి, ఆ మోత విని, లోపల పగులుందో లేదో చెప్పేవాడు. వ్యాగను యార్డు దాటాలంటే ఆయన చూడాలి, బాగుందనుకుంటే దాని అడుగు దూలం మీద తెల్ల రంగుతో తన గుర్తు పెట్టాలి. ఎగ్జామినర్లలో ఎవరి గుర్తు వాళ్ళది. షుకూర్ మియాది ఉర్దూ అక్షరం షీను, పైన మూడు చుక్కలు. ఆ గుర్తున్న బండిని డ్రైవర్లు గుండెల మీద చెయ్యేసుకుని నడిపేవాళ్ళు. రజాకార్ల రోజుల్లో తుపాకులేసుకుని నలుగురు యార్డుకొచ్చి, విరిగిన స్ప్రింగు వ్యాగన్ను తక్షణం పాస్ చెయ్యమన్నారు. "సిక్ బండి ఇయ్యనీకి లేదు" అని షుకూర్ మియా సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. చెడిపోయిన బండికి యార్డు మాట సిక్. దానికి ఆయనకు దక్కింది చెంపదెబ్బ. చెంప వాచింది గానీ బండి మాత్రం కదల్లేదు.

ఆదివారాలు ఆయన బోయిగూడ వచ్చి అరుగు మీద బ్రహ్మచారి ఎదుట కూర్చునేవాడు. చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళు మిఠాయి పొట్లం తెచ్చినట్టు, ఈయన కాగితం పొట్లంలో యార్డు దుమ్ము తెచ్చేవాడు. బ్రేకు దిమ్మల పొడి, తుక్కు లైన్లో పడేసిన వ్యాగన్ల మీద గీకిన తుప్పు.

"ఈడ కాదు చారి. నీళ్ళు ఈడ నిలవయి. గొళ్ళెం కింద వెట్టు. ఆఁ, గా మూలకు జెర ఎక్కువ."

"నువ్వన్న చెప్పు అన్నా," అని దేవమ్మ ఛాయ్ పోస్తూ మొరపెట్టుకునేది. "కూర్ల ఎయ్యనీకి ఉప్పు దొర్కుతలేదు. గీయనకు తుప్పుకు ఉప్పు గావాల్నట."

అవి నిజాం రాజ్యం చుట్టూ యూనియన్ వాళ్ళు సరిహద్దులు మూసేసిన రోజులు. ఉప్పు నిజంగానే దొరికేది కాదు. షుకూర్ మియా మాత్రం దేవమ్మ మొర విని పకపకా నవ్వేవాడు. "నీ మొగడు తుప్పును కన్నబిడ్డలెక్క సాదుతుండు చెల్లె. బిడ్డకు ఉప్పు వెట్టొద్దంటే ఎట్ల?"

నలభై ఎనిమిది సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. బొల్లారం వైపు లారీల మీద లారీలు. పెద్ద రోడ్ల మీద పూలదండలు, జైకారాలు, పక్క గల్లీల్లో గడియ పెట్టిన తలుపులు. రజాకార్ల పీడ విరగడైందని బ్రహ్మచారి కూడా అందరితో పాటు జై కొట్టాడు, కొట్టి ఇంటికొచ్చాక షుకూర్ మియా గుర్తొచ్చి గుండె గుబేలుమంది. మర్నాడు షుకూర్ మియా రూమీ టోపీ పెట్టెలో దాచి, ఎప్పుడూ ఎండ తగలని తలతో డ్యూటీకి వెళ్ళాడు. నెలలు గడిచినా ఆ టోపీ పెట్టెలోంచి బయటికి రాలేదు.

రాజ్యం మారింది గనక ఆఫీసర్లు మారారు. బెజవాడ వైపు నుంచి దేవానందం గారు వచ్చారు. ఆయన చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం ఎంతో తేలికయ్యేది. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవాడు, గొంతు పెంచి ఎరగడు, పెయింటర్లను కూడా గారూ మీరూ అనేవాడు. ఒకే ఒక్క జబ్బు ఉండేది. తాను రైలు దిగిన రోజుకు ముందు ఇక్కడ అంతా అంధకారమని, ఇక్కడివాళ్ళకు పని రాదని, తెలుగు కూడా సరిగా రాదని ఆయన గట్టి నమ్మకం. అంత మర్యాదస్థుడి నమ్మకాన్ని కాదనడానికి ఎవరికీ నోరు పెగిలేది కాదు.

కొత్త ఏలుబడికి ఏడాది నిండబోతోందని సికింద్రాబాదులో ప్రదర్శన తలపెట్టారు. రైల్వే వంతుకు రెండు బల్లలు. ఒక బల్ల మీద "నిన్న" అని అట్ట, ఇంకో బల్ల మీద "నేడు" అని అట్ట. దేవానందం గారు బ్రహ్మచారిని పిలిపించి కుర్చీ చూపించారు. అతను కూర్చోలేదు.

"బొమ్మ వ్యాగన్లు బాగా చేస్తారటగా మీరు. పాతవి, తుప్పు పట్టినవి చెయ్యగలరా?"

బ్రహ్మచారి తన చెవులను తానే నమ్మలేకపోయాడు. "ఎంత తుప్పు సార్?"

"ఎంత వీలైతే అంత. చూసినవాళ్ళ కడుపు తరుక్కుపోవాలి. ఇన్నాళ్ళూ ఇలాంటి వాటిలోనా మన సామాన్లు తిరిగాయి అని విస్తుపోవాలండీ."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే. ఎందుకు, ఎవరి కోసం, దానివల్ల ఎవరి కొంప మునుగుతుంది, ఇవేవీ బ్రహ్మచారి అడగలేదు. తుప్పు కావాలని అడిగిన ఆఫీసరు దొరికాడు, అంతే. ఇంటికి నడిచి రాలేదు, తేలి వచ్చాడు.

షుకూర్ మియా మాత్రం అడిగాడు. "ఎందుకంట?"

"పాతకాలం బండ్లు గిట్ల ఉంటుండెనని జూపిస్తరంట."

"గిట్ల యాడున్నయ్ చారి? గింత తుప్పుతోని ఒక్క బండన్న నా యార్డు దాటిందా?"

"నుమాయిష్ భాయ్. జనం జూస్తరు, పోతరు. నువ్వెందుకు పరేషాన్ అయితవ్."

చివరికి షుకూర్ మియాలోని పనివాడు గెలిచాడు. "సరే తియ్. చేసేదుంటే సక్కగ జెయ్. తుక్కు లైన్ల ఒకటున్నది, దానికి జంగు పొరలు పొరలుగ లేస్తది. తెస్తా," అన్నాడు. మరుసటి ఆదివారం రెండు పొట్లాలు తెచ్చాడు.

నాలుగు వ్యాగన్లు చేశాడు బ్రహ్మచారి. మొదటి మూడూ బాగా వచ్చాయి. నాలుగోది వచ్చిన తీరు చూసి అతనికే భయం వేసింది. చింతపండు పులుసు రేకును నమిలేసింది. అడుగున తుప్పు పొరలుగా లేచి, పక్క రేకుల అంచులు కొరికినట్టు విరిగిపోయాయి. నెంబరు లేని వ్యాగను పేరు లేని మనిషి లాంటిదని, తను స్వయంగా రాసి పంపిన ఒక నెంబరును దాని ఒంటి మీద వేసి, సగం చెరిగిపోయినట్టు దిద్దాడు. ఆ నెంబరున్న అసలు వ్యాగను సైన్యం వచ్చిన వారంలోనే సామాన్లతో సరిహద్దు దాటిపోయి మళ్ళీ తిరిగి రాలేదు.

అంతా అయ్యాక కుంచె కడగబోతూ ఆగాడు. పెద్ద పెద్దవాళ్ళు వచ్చి చూస్తారు. అద్దాల పెట్టె, దీపాలు, అట్టలు. ఇందులో తన పనితనం ఉంది. మరి షుకూర్ భాయ్ ఏడీ? తుప్పు తెచ్చిందీ ఆయనే, ఎక్కడ పెట్టాలో చెప్పిందీ ఆయనే. సన్న కుంచె తెల్ల రంగులో ముంచి, నాలుగో వ్యాగను అడుగు దూలం మీద షీను గీసి, పైన మూడు చుక్కలు పెట్టాడు. చుట్టాలకిచ్చే ఇత్తడి చెంబు మీద పేరు చెక్కించి ఇచ్చినట్టు, ప్రేమతో పెట్టాడు. చదువుకున్న సర్కారీ బడి అంతా ఉర్దూయే గనక అక్షరం ముత్యంలా వచ్చింది. కాలం తీరిపోయిన బండి మీద, ఇది బాగుంది పోనివ్వండి అనే గుర్తు పెడుతున్నానన్న సంగతి అతని బుర్రకు తట్టనే లేదు. వినాయకుణ్ణి చేయబోతే కోతి కావడం అంటే ఇదే.

ప్రదర్శన మొదటి రోజు షుకూర్ మియా వరుసలో నిలబడి వచ్చాడు. నాలుగో వ్యాగను దగ్గర వంగి చూసి, అడుగు దూలం వైపు వేలు చూపించాడు.

"చారి. నా గుర్తు."

"నీ పేరు సుత ఉండాలె గద భాయ్."

"పాగల్. గీ బండిని నేను పాస్ చేస్తనా?" అన్నాడు గానీ, ఆయన కళ్ళు చెమర్చాయి. ఏడాదిగా ఆయన పేరును ఎవరూ ప్రేమగా ఎక్కడా రాయలేదు. బ్రహ్మచారి భుజం మీద చెయ్యేసి గట్టిగా నొక్కి వెళ్ళిపోయాడు.

దేవానందం గారు అతిథులకు వ్యాగన్లు చూపిస్తూంటే పక్కన నిలబడి, బ్రహ్మచారి ఉండబట్టలేక నోరు కూడా జారాడు. "రంగు కాదు సార్ ఇది. నిజం తుప్పు. మన యార్డుల వ్యాగన్ల మీదికెల్లి గీకి తెచ్చింది." దేవానందం గారు తల పంకించి, ఆ మాటను అతిథులకు ఇంగ్లీషులో చెప్పారు. అందరూ అయ్యయ్యో అన్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన అద్దానికి కళ్ళజోడు ఆనించి, ఆ తెల్లటి వంకరగీత ఏమిటని అడిగాడు. ఎగ్జామినరు గుర్తని ఎవరో చెప్పారు. ఎవరా ఎగ్జామినరు అన్నాడాయన.

పాత రాజ్యపు నౌకర్లలో ఎవరిని ఉంచాలి, ఎవరిని ఊడబెరకాలి అని ఊరంతా కమిటీలు కూర్చున్న కాలం అది. తీసేయాల్సిన పేర్లు పైనే తయారయ్యేవి, కారణాలు మాత్రం కిందివాళ్ళు వెతికి పెట్టాలి. షుకూర్ మియా విషయంలో ఇప్పటిదాకా కారణం దొరకలేదు. ఇప్పుడు అద్దాల పెట్టెలో, దీపాల వెలుగులో, నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది కారణం. చెడిపోయిన వ్యాగన్లను కావాలని పాస్ చేసి జనం ప్రాణాలతో, సరుకుతో ఆడుకున్నాడని, రజాకార్ల మనిషని ఆరోపణ. ఆ రజాకార్ల చేతి చెంపదెబ్బ ఏ లెక్కలోకీ రాలేదు.

సంగతి తెలిసిన రోజు బ్రహ్మచారికి అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చుని వలవలా ఏడ్చాడు.

"ఏడిస్తే ఏమొస్తది? పో. నేనే వెట్టిన తుప్పని చెప్పు," అంది దేవమ్మ.

"నా నౌకరి సుత పోతదేమోనే."

"పోతే పోతది. అన్న నౌకరి పోవద్దు."

వెళ్ళాడు. పిలవకపోయినా వెళ్ళి, కమిటీ గది ముందు నిలబడి, లోపలికి రానివ్వమని చేతులు జోడించాడు. బల్ల వెనక ముగ్గురు. నడుమ దేవానందం గారు. బల్ల మీద నాలుగో వ్యాగను. ఒక పక్కన షుకూర్ మియా నిలబడి ఉన్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

"సార్, గీ తుప్పు షుకూర్ భాయ్‌ది కాదు. నేను వెట్టింది. మీరే వెట్టమన్నరు సార్."

దేవానందం గారికి కోపం రాలేదు. "చూడండి బ్రహ్మచారి గారూ. ఉన్నది చూపించమన్నాను గానీ లేనిది కల్పించమన్నానా? నిజమైన తుప్పు, యార్డులోంచి తెచ్చిందని పదిమంది ముందు చెప్పింది మీరేగా?"

"తుక్కు లైన్లది సార్ గది. నడిచే బండ్లది కాదు. యార్డుకు పోయి సూడుండ్రి. ఒక్క బండికన్న గిట్లున్నదేమో."

"యార్డులో ఇప్పుడున్నవి మేం వచ్చాక బాగుపడినవి. మేం రాకముందు ఎలా ఉండేవో చెప్పడానికి మిగిలింది ఇదొక్కటే."

ఎటు తిరిగినా గోడే. మొదటాయన అందుకుని, "మరి ఆయన పాస్ చెయ్యకపోతే ఆ గుర్తు ఎందుకు పెట్టావు?" అన్నాడు.

"ప్రేమతోని సార్."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడో ఆయన నవ్వాపుకోలేక దగ్గాడు. బ్రహ్మచారికి ఒక్కటే దారి కనిపించింది. "ఇది ఉత్త వేషం సార్. తుడిస్తే పోతది. మీ కండ్ల ముందట్నే తుడుస్త," అని జేబులోంచి కిరసనాయిలు గుడ్డ తీశాడు. ఇంటి దగ్గరే తడిపి తెచ్చుకున్నాడు పాపం.

రుద్దాడు. మసి పోయింది. బంకతో అంటించిన పొడి రాలిపోయింది. గోధుమ రంగు గుడ్డకు అంటుకొచ్చింది. ఇంకా రుద్దాడు. కింద మెరిసే రేకు బయటపడాలి గదా, పడలేదు. పడ్డవి చిల్లులు. అతను ఎప్పుడూ వేషం వేసి ఎరగడు, నిజంగా తుప్పు పట్టించడమే అతని విద్య. రుద్దే కొద్దీ చిల్లు పెద్దదై, అడుగు రేకులో ఒక ముక్క ఊడి టప్పున బల్ల మీద పడింది. షీను సగం చెరిగి, పైన మూడు చుక్కలు మిగిలాయి.

"తుడిచే కొద్దీ బయటపడుతోందండీ," అన్నారు దేవానందం గారు మెల్లగా, జాలిగానే.

తర్వాత ఆయన షుకూర్ మియా వైపు తిరిగారు. "గుర్తు మీదేనా?"

"షీను నాదే సార్. రాసింది నేను కాదు."

"సరే, అది వదిలేద్దాం. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవారు గనక అడుగుతున్నాను. ఇలాంటి వ్యాగను మీ ముందుకొస్తే పాస్ చేస్తారా?"

ఇది ఆటవస్తువు, దీన్ని చూసి ఏం చెప్తానండీ అంటే సరిపోయేది. యార్డులో పనిచేసే ఎవడైనా ఆ మాటే అని బయటపడేవాడు. బొమ్మ అను భాయ్, బొమ్మ అను అని బ్రహ్మచారి లోలోపల వెయ్యి దేవుళ్ళకు మొక్కాడు. షుకూర్ మియా కళ్ళజోడు పెట్టుకున్నాడు. వ్యాగన్ను రెండు చేతుల్లోకి తీసుకుని వెల్లకిలా తిప్పాడు. స్ప్రింగులు చూశాడు. వేలితో చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. చిల్లులోంచి వేలు పోనిచ్చాడు. అందరూ దాన్ని ఏదో ఒకదానికి వాడుకున్నవాళ్ళే, దాన్ని వ్యాగనుగా చూసినవాడు ఆ గదిలో ఆయనొక్కడే. చూసి, బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు.

"చెయ్య సార్. అడుగు పోయింది. దీన్ని పట్టాల మీదికి ఇడిస్తే మనిషి పానం పోతది. సిక్ రాస్త."

"అంటే ఇది పనికిరాని వ్యాగను."

"పనికిరాదు సార్."

ఎగ్జామినరు స్వయంగా ఒప్పుకున్నాడని మొదటాయన రాసుకున్నాడు. ఇక అడగాల్సింది ఏమీ లేకపోయింది.

బయటికొచ్చాక బ్రహ్మచారి ఆయన చొక్కా పట్టుకుని ఊపేశాడు. "బొమ్మ అంటే అయిపోతుండె గద భాయ్! ఒక్క మాట! ఎందుకనకపోతివి?"

"ఎట్లంటా చారి?" అన్నాడు షుకూర్ మియా. "నువ్వు బొమ్మలెక్క చేస్తివా?"

పదిహేను రోజుల్లో నౌకరి పోయింది, నౌకరితో పాటు క్వార్టరూ పోయింది. ఒంటెద్దు బండి మీద ట్రంకు పెట్టెలు, మంచాలు, కోళ్ళ గంప సర్దుకుని షుకూర్ మియా కుటుంబం బావమరిది ఇంటికి బయల్దేరింది. మూటలు ఎత్తడానికి బ్రహ్మచారి వెళ్ళాడు. ఆయన భార్య పర్దా చాటునుంచి అతని మొహం కూడా చూడలేదు. చూడనందుకు అతనికి మేలే అయింది.

బండి కదిలే ముందు షుకూర్ మియా దగ్గరికొచ్చాడు. "ఒక్కటి అడుగుత చారి. నౌకరి పోయింది, పోనీ. అల్లా ఇంకో దారి జూపిస్తడు. గని గా గుర్తు తుడిచెయ్. గసొంటి బండిని నేను పాస్ చేసిన్నని రేపు ఎవరన్న సూస్తే నాకు సచ్చినంక కబర్ల సుత నిద్ర వట్టది."

"తుడుస్త భాయ్. దేవుని మీద ఒట్టు."

ఆ ఒట్టు తీర్చుకునే అవకాశం దానంతటదే వచ్చింది. ప్రదర్శనలో "నిన్న" బల్లకు మంచి పేరొచ్చింది గనక, ఆ నాలుగు వ్యాగన్లను ఆఫీసు వసారాలో శాశ్వతంగా ఉంచాలని నిశ్చయించారు. వాటి బాగోగులు బ్రహ్మచారికి అప్పగించారు. పెయింటర్ల మీద మేస్త్రీని కూడా చేశారు. రుద్ది రుద్ది పాడుచేసింది నువ్వే గనక నాలుగోదాన్ని మళ్ళీ మొదట్లా నువ్వే చెయ్యాలన్నారు.

చేశాడు. వసారాలో స్టూలు వేసుకుని కూర్చుని, ఊడిన ముక్కను అతికించి, మసి పూసి, పొడి అంటించి, మొత్తం తుప్పు తిరిగి పెట్టాడు. తుప్పు పొట్లాలు తెచ్చే మనిషి లేడు గనక ఇటుకపొడితో సరిపెట్టాడు. దూలం మీద మిగిలిన సగం షీనును, మూడు చుక్కలను మాత్రం గోటితో గీకేసి, పైన నల్లటి మసి పులిమాడు. చాలా రోజుల తర్వాత ఆ రోజు అతనికి కొంచెం ఊపిరి ఆడింది.

సాయంత్రం దేవానందం గారు వచ్చి చూశారు. సంతోషించారు. వంగి, అడుగు దూలం దగ్గర ఆగారు.

"గుర్తేదండీ?"

"పోయింది సార్. తుడిసినప్పుడే పోయింది."

"పెట్టండి మరి."

"వద్దు సార్. ఆయనే పోయిండు గద. ఇంక గుర్తెందుకు?"

దేవానందం గారు నిటారుగా నిలబడి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించారు. ఆయన గొంతులో బెదిరింపు లేదు, అందుకే మరీ భయమేసింది. "బ్రహ్మచారి గారూ, మీకు తెలీదు. తుప్పు దొంగచాటుగా బయటికి తెప్పించిన మనిషిగా ఆ రోజు మీ పేరు కూడా రాయబోయారు. అమాయకుడని నేనే ఆపాను. ఆ గుర్తు లేకపోతే కమిటీ దేన్ని చూసి తీర్పు చెప్పిందని అడుగుతారు. మళ్ళీ అంతా తిరగదోడాలి. నాకూ తలనొప్పి, మీకూ తలనొప్పి. పెట్టెయ్యండి, నేనుంటాను."

పోతే పోతది అన్న దేవమ్మ మాట గుర్తొచ్చింది. కొత్తగా వచ్చిన మేస్త్రీ పని గుర్తొచ్చింది. దేవుని మీద వేసిన ఒట్టు గుర్తొచ్చింది. ఎద్దుబండి మీద కోళ్ళ గంప గుర్తొచ్చింది. ఇన్ని గుర్తొచ్చినా అతను లేచి వెళ్ళిపోలేదు. తెల్ల రంగు సీసా మూత తీశాడు. చెయ్యి వణికితే బాగుండు, అక్షరం చెడితే బాగుండు అనుకున్నాడు. ఎన్నో ఏళ్ళుగా కుంచె పట్టిన చెయ్యి, అది వణకలేదు. షీను గీసింది. పైన మూడు చుక్కలు పెట్టింది.

దేవానందం గారు కళ్ళజోడు సవరించుకుని దగ్గరికి వంగి చూశారు. మొహం విప్పారింది.

"అచ్చం ఆయన చేత్తో పెట్టినట్టే ఉందండీ," అని మెచ్చుకుని, అద్దం తలుపు మూసి, తాళంచెవి బ్రహ్మచారి చేతిలో పెట్టి వెళ్ళారు.